ఏడింటికి స్విచ్ బంద్

పద్మారావు నగర్‌లో ఒక స్టేషనరీ దుకాణం పైన, మొదటి అంతస్తులో, బడి పుస్తకాల పేజీలు పేర్చే ఆఫీసు ఒకటుంది. పన్నెండు కంప్యూటర్లు, పదకొండు మంది మనుషులు, ఎప్పుడూ ఏదో ఒక కాగితం మింగి కూర్చునే ప్రింటరు. ఇన్ని ఉన్నా ఆ ఆఫీసు నడిచేది తన వల్లనే అని అటెండరు పర్వతాలు నమ్మకం. ఆ నమ్మకంలో అబద్ధం పాలు తక్కువే.

పర్వతాలుకు యాభై ఏడేళ్ళు. బొల్లారం నుంచి రెండు బస్సులు మారి వస్తాడు. ఎనిమిదిన్నరకు తాళం తీసి, ఊడ్చి, నీళ్ళు పట్టి, గోడల మీదున్న స్విచ్‌లన్నీ వేస్తాడు. సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక ఏడింటికి అవే స్విచ్‌లు బంద్ చేస్తాడు. అందరిలా చేత్తో ఒక్క ఊపు ఊపి పోయే రకం కాదు. ఒక్కో స్విచ్ మీద వేలు పెట్టి నొక్కుతూ, పైకే లెక్కపెడతాడు. మొత్తం నలభై మూడు. నలభై రెండొస్తే మళ్ళీ మొదటికొస్తాడు. తాళం వేసి, పదకొండు మెట్లు దిగి, రోడ్డు మీదికొచ్చి, మళ్ళీ మెట్లెక్కి తాళం తీసి, ఒకసారి అన్ని బోర్డుల వైపూ చూసి, అప్పుడు గానీ ఇంటికి పోడు. ఇరవై ఆరేళ్ళుగా ఇదే తంతు.

కింద స్టేషనరీ దుకాణం రాములుకు ఇది రోజూ ఉచితంగా దొరికే వినోదం. "ఏందన్నా, గట్లనే పోతున్నవ్? ఇంకోపారి చూసి రారాదు, ఎవడన్న స్విచ్ ఏసిండేమో" అంటాడు. పర్వతాలు నవ్వడు, జవాబివ్వడు. ఆఫీసులో వాళ్ళు ఇదంతా కరెంటు మీది పిసినారితనం అనుకుంటారు. ఓనరు సత్యదేవ్ అయితే, "మా పర్వతాలన్న ఉన్నంత కాలం ఈ ఆఫీసుకు తాళం అక్కర్లేదు" అని వచ్చిన వాళ్ళందరికీ చెప్పుకుంటాడు. సత్యదేవ్ తండ్రి పెట్టిన మనిషి పర్వతాలు. నిక్కర్లు వేసుకునే వయసు నుంచి సత్యదేవ్‌ను చూస్తున్నాడు. అందుకే ఆ మెప్పు పర్వతాలుకు జీతం కంటే ఎక్కువ.

ఆ ఏడాది జూన్‌లో ఆఫీసుకు రెండు కొత్తవి వచ్చాయి. ఒకటి కంప్యూటర్లు, రెండు జబీన్.

పాత కంప్యూటర్లు మొండివి. షట్‌డౌన్ చేస్తే ఆగేవి, లేకపోతే తెల్లవార్లూ గుర్రుమంటూనే ఉండేవి. కొత్తవి సుకుమారులు. వాటికి యుగంధర్ అనే మెకానిక్ వచ్చి కరెంటు పొదుపు సెట్టింగ్ పెట్టిపోయాడు. పావుగంట సేపు ఎవరూ ముట్టుకోకపోతే తెర నల్లబడుతుంది, లోపలి ఫ్యాను ఆగుతుంది, మిషను నిద్రలోకి జారుకుంటుంది. ముందు బటన్ పక్కన గోధుమ గింజంత దీపం మాత్రం మెల్లగా వెలుగుతూ ఆరుతూ ఉంటుంది. మళ్ళీ మౌసు కదిపితే ఎక్కడ పని అక్కడే ప్రత్యక్షం. ఈ సుఖాన్ని ఆఫీసులో పాతవాళ్ళెవరూ వాడుకోలేదు. వాళ్ళు పదేళ్ళ అలవాటు కొద్దీ సాయంత్రం కాగానే సేవ్ చేసి, షట్‌డౌన్ కొట్టి, చెప్పులేసుకునేవాళ్ళు.

వాడుకున్నది జబీన్ ఒక్కతే. జనగామ పిల్ల, ఇరవై నాలుగేళ్ళు. నాన్న హసన్‌కు అక్కడ టైలరింగ్ షాపు. ఇక్కడ ఖాలా, అంటే పిన్ని, ఇంట్లో ఉంటూ నడుచుకుంటూ ఆఫీసుకొస్తుంది. తెలుగు మీడియంలో చదివింది. పేజీలో ఎక్కడ ఒత్తు ఎగిరిపోయినా, ఎక్కడ సున్నా రాలిపోయినా ఆమె కంట పడకుండా పోదు. పని నేర్చుకున్నది మాత్రం అన్న ల్యాప్‌టాప్ మీద. మూత మూస్తే పడుకునేది, తెరిస్తే లేచేది. ఇక్కడా అదే పద్ధతి. ఆరింటికి పేజీలు తెరిచి ఉండగానే లేచి, "పొయ్యొస్తా చాచా" అని పర్వతాలుకు చెప్పి వెళ్ళేది. పొద్దున వచ్చి ఆగిన చోటి నుంచే మొదలుపెట్టొచ్చని ఆమె ధీమా. ఆరు నెలలు ట్రయల్. నవంబరు ఆఖరున సత్యదేవ్ ఔనంటే ఉద్యోగం పక్కా, కాదంటే జనగామ బస్సు.

మొదటి రెండు నెలలు పక్కవాళ్ళ మిషన్ల మీద పని చూస్తూ బాగానే గడిచాయి. సొంత మిషను చేతికొచ్చిన ఆగస్టులో తేడా వచ్చింది. జబీన్ సాయంత్రం పూట దిద్దానన్న తప్పులు కొన్ని పేజీల్లో దిద్దకుండానే ఉన్నాయి. మరిచిపోయి ఉంటుందిలే అని సత్యదేవ్ ఊరుకున్నాడు. అక్టోబరులో మళ్ళీ అదే. పొద్దున వచ్చి చూస్తే మిషను నిద్రలో ఉండాల్సింది పోయి, అసలు ఆగిపోయి ఉంటోందని జబీన్ చెప్పింది. యుగంధర్‌కు ఫోన్ చేస్తే, "అప్‌డేట్లు వచ్చి రీస్టార్ట్ అయి ఉంటది, మేడమ్ జెర సేవ్ చేసుకోవాలె" అని ఫోన్లోనే తేల్చేశాడు. ఆ రోజు నుంచి ఆమె గుర్తున్నప్పుడల్లా సేవ్ చేస్తూనే ఉంది. కానీ పని వేడిలో గుర్తుండని పూటలూ ఉంటాయి. పేజీలు పేర్చే ఆ పాత సాఫ్ట్‌వేర్‌కు తనంతట తాను సేవ్ చేసుకునే బుద్ధి లేదు.

నవంబరు మూడో వారంలో కొంప మునిగింది. ఏడో తరగతి సైన్సు పుస్తకం ప్రెస్సుకు పోయి, అచ్చు ప్లేట్లు కూడా తయారయ్యాక, నలభై ఒకటో పేజీలో మనిషి గుండెకు ఆరు గదులున్నాయని బయటపడింది. ప్రచురణకర్త ఫోన్ చేసి, "మీ ఆఫీసులో అందరికీ ఆరేనా, మీకొక్కరికేనా?" అని సత్యదేవ్‌ను అడిగాడు. మనిషికి కోపం రావాలంటే అది చాలదూ?

"నాలుగు అని నేను దిద్దిన సార్. నా చేతులతోనే దిద్దిన" అంది జబీన్.

ఫైలు తెరిచి చూస్తే ఆరు. ప్రూఫు కాగితం మీద మాత్రం ఎర్ర ఇంకుతో నాలుగు, పక్కన దిద్దినట్టు జబీన్ టిక్కు.

"తప్పు చేస్తే ఓర్చుకుంటా. చెయ్యని పనికి టిక్కు పెట్టి చేసిన అంటే ఓర్చుకోను" అన్నాడు సత్యదేవ్. "నెలాఖరున మాట్లాడుకుందాం."

నెలాఖరున ఏం మాట్లాడతాడో ఆఫీసులో అందరికీ అర్థమైంది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయినట్టుంది అతని బాధ. జబీన్ బాధ అంతకంటే పెద్దది. అబద్ధాలకోరు అన్న పేరు ఒకసారి పడితే కడుక్కున్నా పోదు. పైగా ఆమెకు తన మీదే అనుమానం మొదలైంది. నీళ్ళ డబ్బా దగ్గర పర్వతాలుతో, "చాచా, నా దిమాగే ఖరాబైందేమో. చేసినట్టు యాదికుంటది, చూస్తే ఉండది" అంది. పర్వతాలు ఆమె కోసం గ్లాసు తొలిచాడు. "ఫికర్ జేయకు బిడ్డా, అంత మంచిగైతది" అని గ్లాసుతో నీళ్ళందించాడు.

నెలాఖరుకు ఇంకా నాలుగు రోజులుంది. మధ్యాహ్నం అన్నాల వేళ అందరూ వెనక గదిలో ఉన్నారు. పర్వతాలు బల్లలు తుడుస్తూ జబీన్ కుర్చీ దగ్గరికొచ్చాడు. తెర నల్లగా ఉంది. ఆగిపోయిన దానికి కరెంటెందుకని గోడ మీది స్విచ్ మీద వేలు పెట్టాడు. సరిగ్గా అప్పుడే చెయ్యి కడుక్కుని జబీన్ వచ్చి మౌసు కదిపింది. నల్లటి తెర మీద నిండు పేజీ, బొమ్మలతో సహా, సగంలో ఆగిన వాక్యంతో సహా వచ్చి నిలబడింది.

పర్వతాలు వేలు స్విచ్ మీదే ఉండిపోయింది. "ఇది బంద్ ఉండె కదా బిడ్డా?"

"బంద్ కాదు చాచా, పండుకుంది. గీ దీపం కొట్టుకుంటుంది చూడు. చేసిన పని మొత్తం యాది పెట్టుకొని పండుకుంటది. లేపితే మళ్ళ చూపెడతది."

"పండుకున్నప్పుడు కరెంటు తీస్తే?"

"తీస్తే మర్చిపోతది. యాది పెట్టుకునేటందుకు కొద్దిగ కరెంటు కావాలె దానికి" అని తేలిగ్గా చెప్పి, జబీన్ కుర్చీలో కూర్చుని పనిలో పడింది. ఆ మాటకూ తన కష్టానికీ ఉన్న ముడి ఆమెకు తట్టలేదు. ఎలా తడుతుంది? ఆమె వెళ్ళేది ఆరింటికి, పర్వతాలు స్విచ్‌లు తీసేది ఏడింటికి. ఆమె వచ్చేసరికి అన్ని స్విచ్‌లూ వేసి, ఊదుబత్తి కూడా వెలిగించి ఉంటాడు.

పర్వతాలుకు మాత్రం తట్టింది. ఆగస్టు, అక్టోబరు, నవంబరు. ప్రతి సాయంత్రం నలభై మూడు స్విచ్‌లు. అందులో ముప్పై ఒకటోది జబీన్ మిషనుది. ఆ పిల్ల రోజూ పని జాగ్రత్తగా పెట్టి వెళ్తే, తాను రోజూ లెక్కపెట్టి మరీ ఊడ్చేశాడు. గుండెకు ఆరు గదులు పెట్టింది తన వేలే.

దొంగకు తేలు కుట్టినట్టు మధ్యాహ్నమంతా తుడిచిన బల్లలే మళ్ళీ తుడుస్తూ తిరిగాడు. ఆ సాయంత్రం స్విచ్‌లు తీస్తూ ముప్పై ఒకటో దగ్గర ఆగాడు. దాని దీపం మెల్లగా వెలుగుతూ ఆరుతోంది. తీస్తే పిల్ల పని పోతుంది. తీయకపోతే తన ప్రాణం ఊరుకోదు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. చివరికి దాన్ని వదిలేసి తాళం వేసి, మెట్ల మీద మూడుసార్లు ఎక్కి దిగాడు. రాములు కూడా ఆ రోజు హాస్యమాడలేదు. "పానం బాగలేదా అన్నా?" అని అడిగాడు.

ఇంట్లో అనసూయమ్మ కంచంలో అన్నం పెట్టి, పప్పు పోసి, ఎదురుగా కూర్చుంది. ముప్పై రెండేళ్ళ కాపురంలో ఆయన అన్నం కెలకడం ఆమె ఒక్కసారే చూసింది. ఇది రెండోసారి.

"ఏందయ్యా, పప్పుల ఉప్పు లేదా, నీ దగ్గర మాట లేదా?"

పర్వతాలు జరిగిందంతా చెప్పాడు. చెప్పి, "ఎవ్వలకు ఎరుక లేదు అనసూయా. నేను నోరు తెరవకుంటే ఎన్నడు ఎరుక కాదు" అన్నాడు.

మొదటిసారి ఆయన అన్నం కెలికిన రోజు అనసూయమ్మకు గుర్తొచ్చింది. అప్పుడు వాళ్ళకు కొత్తగా పెళ్ళయింది. పర్వతాలు జనరల్ బజార్ పక్క సందులో ఒక సేఠు జిరాక్స్ దుకాణంలో పని చేసేవాడు. దుకాణం మూసే ముందు స్టెబిలైజర్ బంద్ చేయడం అతని వంతు. ఒక సాయంత్రం సినిమాకు టైమవుతోందని, కొత్త పెళ్ళాం టాకీసు దగ్గర ఎదురు చూస్తోందని, స్టెబిలైజర్ అలాగే వదిలేసి, షట్టరు దించి పరిగెత్తాడు. పొద్దున వెళ్ళేసరికి దుకాణం లేదు. మసి పట్టిన గోడలున్నాయి. మనుషులకేం కాలేదు గానీ సేఠు బతుకు బజారున పడింది. "వైర్లు పాతవి, నా కర్మ" అని సేఠు పర్వతాలు భుజం మీదే తల పెట్టుకుని ఏడ్చాడు. పర్వతాలు నోరు తెరవలేదు. సేఠు ఊరు విడిచిపోయాడు, ఆ మాట పర్వతాలు గొంతులోనే ఉండిపోయింది. అప్పటి నుంచి ఈ వేలు పెట్టి నొక్కడాలు, ఈ లెక్కలు, ఈ మెట్లెక్కి దిగడాలు.

"అప్పుడు స్విచ్ తియ్యక ఒకల కొంప ముంచినవు" అంది అనసూయమ్మ నెమ్మదిగా. "ఇప్పుడు తీసి ఒకల కొంప ముంచినవు. రెండు తెలువక చేసినవే. నోరు మూసుకునుడు మాత్రం తెలిసి చేసేది. అప్పుడు మూసుకొని ఏం సుఖపడ్డవు? ఇన్నేండ్ల సంది రోజు మెట్లెక్కి దిగుతున్నవు."

"చెప్తే పని పోతదే. ఇంక మూడేండ్లు చేయాలనుకున్న."

"పోతే పోనీ. నాకు అన్నం తినే మొగుడు కావాలె" అని ఆమె కంచంలో మరో గరిటె పప్పు పోసింది.

చెప్తే మానం పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోతుంది. రెండు రోజులు పర్వతాలు ఆ రెండింటి మధ్యా నలిగాడు. ఆ రెండు సాయంత్రాలూ ముప్పై ఒకటో స్విచ్ తీయలేదు. ఆ రెండు రోజులూ జబీన్ పని ఎక్కడిదక్కడే ఉంది. తన లెక్క తప్పు కాదని తేలిపోయింది. మూడో రోజు పొద్దున సత్యదేవ్ జబీన్‌ను గదిలోకి పిలిచాడు. నెలాఖరుకు ఇంకా ఒక్కరోజుంది. పర్వతాలుకు లోపలికి రెండు చాయ్‌లు చెప్పారు.

ఆయన ట్రే పట్టుకుని వెళ్ళేసరికి జబీన్ తల దించుకుని నిలబడి ఉంది. సత్యదేవ్, "నీ పనికి నేను పేరు పెట్టను. కానీ నమ్మకం లేనిచోట..." అంటున్నాడు.

పర్వతాలు చాయ్‌లు బల్ల మీద పెట్టాడు. "సార్, ఆ బిడ్డ అబద్ధం చెప్పలే" అన్నాడు. "అది దిద్దింది. నేనే చెరిపిన."

ఇద్దరూ ఆయన వైపు చూశారు. పర్వతాలు ఆగితే మళ్ళీ మాట రాదని భయపడి గబగబా చెప్పేశాడు. స్విచ్‌ల సంగతి చెప్పాడు, నిద్రపోయే మిషను సంగతి చెప్పాడు. ఎందుకు తీస్తావన్న ప్రశ్న ఎవరూ అడగకముందే జిరాక్స్ దుకాణం సంగతి కూడా చెప్పేశాడు. ఆ మాట అనసూయమ్మకు కాక మరొకరికి చెప్పడం ఆయన జీవితంలో అదే మొదలు. చెప్పేటప్పుడు కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం గుర్తు లేదు.

సత్యదేవ్ ఫోన్ తీసి యుగంధర్‌ను ఉన్నపళంగా రమ్మన్నాడు. యుగంధర్ గంటలో వచ్చి, జబీన్ మిషను ముందు కూర్చుని, ఏదో జాబితా తెరిచాడు. మిషను ఎప్పుడెప్పుడు కరెంటు లేక హఠాత్తుగా ఆగిపోయిందో అందులో తారీకులతో సహా ఉంది. ఏడు దాటి ఆరు నిమిషాలు. ఏడు దాటి ఏడు నిమిషాలు. మళ్ళీ ఆరు. నెలల తరబడి అదే వరస. "గింత టైము తప్పకుండ మా బ్యాంకు సుత బంద్ గాదు అంకుల్" అన్నాడు యుగంధర్. జబీన్ నవ్విందో ఏడ్చిందో ఆమెకే తెలియదు. పర్వతాలు గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"నువ్వు ఫోన్ల చెప్పకుండ వచ్చి చూస్తే అక్టోబర్లనే తేలిపోతుండె" అని సత్యదేవ్ యుగంధర్‌ను ఒక మాటన్నాడు. జబీన్ వైపు తిరిగి, "నేను అట్ల అనకుండా ఉండాల్సింది" అన్నాడు. ఇక పర్వతాలు వంతు వచ్చింది. సత్యదేవ్ గొంతులో కోపం లేదు గానీ అలసట ఉంది. "పర్వతాలన్నా, ఇవాళ్టి నుంచి నువ్వు స్విచ్‌లు ముట్టకు. లైట్లు, ఫ్యాన్లు ఎవరివి వాళ్ళే తీసుకుంటరు. తాళం వేసి పో, చాలు."

పని పోలేదు. అయినా పర్వతాలుకు పని పోయినట్టే అనిపించింది. తిట్టినా బాగుండేది.

సాయంత్రం ఆరింటికి జబీన్ రాములు దుకాణంలో పెన్ను కొనుక్కుని, ఖాలా ఇంటికి పోయి, మరిచిపోయిన టిఫిన్ డబ్బా కోసం తిరిగి వచ్చేసరికి ఏడుంపావు అయింది. మెట్ల మీద, ఆరో మెట్టు దగ్గర, పర్వతాలు కూర్చుని ఉన్నాడు. పైన తలుపుకు తాళం వేసి ఉంది.

"ఏంది చాచా, పోలేదా?"

"కాళ్ళు పోతలేవు బిడ్డా. లోపల అన్నిటికి కరెంటు ఉంది. కండ్లు మూస్తే సేఠు దుకాణమే కనవడుతుంది" అన్నాడు.

జబీన్ కూడా ఒక మెట్టు కింద కూర్చుంది. ఈయన వల్ల ఆమె నాలుగు నెలలు పరేషాన్ అయింది. ఈయన నోరు తెరిచాడు కాబట్టే ఇవాళ తలెత్తుకుంది. ఏది పెద్దదో తేల్చుకోవడానికి ఆమెకు ఎక్కువ సేపు పట్టలేదు. ఫోన్ తీసి యుగంధర్‌కు కలిపింది.

"అన్నా, కరెంటు తీసినా మర్చిపోని నిద్ర ఏమన్న ఉంటదా కంప్యూటర్ల?"

"ఉంటది కదా" అన్నాడు యుగంధర్ అటు నుంచి, అదేదో అందరికీ తెలిసిన సంగతైనట్టు. "హైబర్నేట్. పండుకునే ముందు మొత్తం డిస్కు మీద రాసి పెట్టుకొని, పూరా బంద్ అయితది. అప్పుడు దీపం సుత ఆరిపోతది. ప్లగ్గు పీకి ఇంటికి పట్కపోయినా ఏం కాదు. లేచేటప్పుడే జెర లేటు. అందుకే పెట్టలే."

"ఎంత లేటు?"

"చాయ్‌ల రస్కు నానేంత."

జబీన్ ఫోన్ పెట్టేసి పర్వతాలు వైపు చూసింది. "చాచా, ఇంటికి పో. ఈ ఒక్క రాత్రికి నేను జిమ్మేదార్, ఏమైనా నేనే చూసుకుంట. పొద్దుగాల సార్‌తో నేను మాట్లాడత."

మర్నాడు, నెలాఖరు రోజు, తన ఉద్యోగం సంగతి మాట్లాడాల్సిన పిల్ల ఓనరు గదిలోకి పోయి పర్వతాలు స్విచ్‌ల సంగతి మాట్లాడింది. ఆ మనిషి అలవాటు మాన్పడం కంటే మిషను అలవాటు మార్చడం సులువు సార్ అంది. సత్యదేవ్ వింటూ పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చున్నాడు. మధ్యాహ్నానికి యుగంధర్ వచ్చి పన్నెండు మిషన్లకూ సెట్టింగ్ మార్చాడు. పావుగంటకు నిద్ర, ఆ తర్వాత అరగంటకు ఆ గాఢనిద్ర. పర్వతాలును పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాడు: "అంకుల్, దీపం కొట్టుకుంటుంటే ముట్టొద్దు. దీపం ఆరినంక స్విచ్ తియ్యి. అంతే లెక్క." పర్వతాలు ఆ మాటను నాలుగుసార్లు అనిపించుకుని, తాను నాలుగుసార్లు అన్నాడు.

ఆరింటికి అందరూ వెళ్తుంటే సత్యదేవ్ జబీన్ కుర్చీలో వచ్చి కూర్చున్నాడు. ఆమెను బయటికి పంపించి, రెండు వేళ్ళతో ఏదో టైపు చేశాడు. చేసి లేచి, "సేవ్ చెయ్యలే. కావాలనే చెయ్యలే" అన్నాడు పర్వతాలుతో. "ఏడింటికి నువ్వే బంద్ చెయ్యి."

"పోతే ఎట్ల సార్?"

"పోతే మళ్ళ టైపు చేస్త. పోదు."

పర్వతాలు ఆ మిషను ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాడు. తెర నల్లబడింది. దీపం వెలుగుతూ ఆరుతూ ఉంది. పసిపిల్ల నిద్రపోయిందో లేదో చూసే మనిషిలా దాని వైపే చూస్తూ ఉన్నాడు. ఏడుకు కొంచెం ముందు దీపం ఆరింది, మళ్ళీ వెలగలేదు. ఇంకో ఐదు నిమిషాలు ఆగాడు. లేచి, ఒకటి నుంచి లెక్క మొదలుపెట్టాడు. ముప్పై ఒకటో దగ్గర వేలు పెట్టి, దేవుణ్ణి తలుచుకుని నొక్కాడు. నలభై మూడు దాకా లెక్క సరిగ్గా వచ్చింది.

పొద్దున ఆయన ఎనిమిదింటికే వచ్చాడు. జబీన్ కూడా తొందరగానే వచ్చింది. సత్యదేవ్ వాళ్ళిద్దరి కంటే ముందే వచ్చి కింద రాములు దుకాణం దగ్గర చాయ్ తాగుతున్నాడు. పర్వతాలు స్విచ్ వేశాడు. జబీన్ బటన్ నొక్కింది. తెర మీద చాలాసేపు ఏమీ లేదు. పర్వతాలుకు చాయ్‌లో రస్కు మొత్తం కరిగి అడుక్కు పోయేంత సేపనిపించింది. ఆ తర్వాత తెల్లటి పేజీ తేలింది. దాని మీద తెలుగులో, రెండు అక్షరదోషాలతో, ఒక ఉత్తరం ఉంది. జబీన్ అనే ఉద్యోగిని డిసెంబరు ఒకటో తేదీ నుంచి ఈ ఆఫీసులో శాశ్వతంగా నియమించడమైనది, ఆమె మాట మీద మాకు పూర్తి నమ్మకమున్నది, ఇట్లు సత్యదేవ్.

జబీన్ రెండుసార్లు చదివింది. మూడోసారి చదవలేకపోయింది, కళ్ళు మసకబారాయి. పర్వతాలు పైకి చదువుతూ "నమ్మకమున్నది" దగ్గర ఆగి, "ఉంది బిడ్డా, పోలే. ఒక్క అచ్చరం సుత పోలే" అన్నాడు.

"రెండు పోయినయ్ చాచా" అంది జబీన్ కళ్ళు తుడుచుకుంటూ. "సార్ రెండు ఒత్తులు మర్చిపోయిండు." వాటిని దిద్ది, ముందుగా సేవ్ చేసి, ప్రింటు కొట్టింది. ప్రింటరు కూడా ఆ పూటకు కాగితం మింగకుండా ఊరుకుంది.

ఆ సాయంత్రం ఏడింటికి పర్వతాలు దీపాలన్నీ ఆరాయని చూసుకుని, నలభై మూడు స్విచ్‌లూ తీసి, తాళం వేసి మెట్లు దిగాడు. రోడ్డు మీదికొచ్చాక మళ్ళీ పైకెక్కాడు. రాములు చూసి నవ్వుకున్నాడు. ఐదు నిమిషాల్లో దిగివచ్చాక, "ఏమైందన్నా, అన్ని బందే ఉన్నయా?" అని అడిగాడు.

పర్వతాలు ఆగి ఆలోచించాడు. చేతిలో తన టిఫిన్ డబ్బా ఉంది. అది మరిచిపోయి దిగినందుకే మళ్ళీ పైకెళ్ళాడు. తాళం తీశాడు, డబ్బా తీసుకున్నాడు, తాళం వేశాడు. స్విచ్‌ల వైపు చూసినట్టు మాత్రం గుర్తులేదు.

"చూడలే రాములూ" అన్నాడు. ఆ మాట తనకే కొత్తగా వినిపించింది. మెట్ల వైపు ఒకసారి చూసి, డబ్బా చంకలో పెట్టుకుని, బొల్లారం పోయే బస్సు కోసం నడిచాడు.